ఉజనీ అడుగు బురద: తీరని పాత బాకీ

(వేసవికి ముందు మన యూనియన్ ఆఫీసులో జరిగిన సభ్యుల సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగం ఇది. ఆరోజు రాలేకపోయినవారి కోసం, పలువురి కోరికపై, పూర్తి పాఠం ప్రచురిస్తున్నాం.)



ఈరోజు పగారు గురించి గాని, బోనస్ గురించి గాని మాట్లాడబోవడం లేదు. నీళ్ల గురించి మాట్లాడతాను. "నీళ్ల గురించి ఏముందన్నా, నల్లా ఎప్పుడొస్తదో చెప్పు చాలు" అని వెనకనుంచి ఒక తమ్ముడు అంటున్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. షోలాపూర్‌లో మనకు నీళ్ల ముచ్చట అంటే నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుంది, ఎంతసేపు వస్తుంది అన్నదే. నాలుగు రోజులకో, ఐదు రోజులకో వచ్చిన నీళ్లను డ్రమ్ముల్లో పట్టుకుని ఏళ్ల తరబడి సంసారాలు వెళ్లదీశాం. ఎన్ని నీళ్లు అని అడిగాం గాని, ఎలాంటి నీళ్లు అని ఎప్పుడూ అడగలేదు. ఈరోజు ఆ సంగతి చూద్దాం.

నేను బడి చదువు మాత్రమే చదివినవాణ్ని. శాస్త్రవేత్తను కాను. మిల్లులో బ్లీచింగ్ ఖాతాలో బదిలీగా చేరి పనిచేసినవాణ్ని. ఈ విషయం నాకు పుస్తకంలో కన్నా ముందు గుడ్డ మీద కనిపించింది. అందుకని అక్కణ్నుంచే మొదలుపెడతాను.

గుడ్డ మీద మరకలు

ఏ మిల్లు అన్నది ఇప్పుడు అనవసరం. ఒక మే నెలలో మా ఖాతాలో బ్లీచింగ్ అయిన థాన్ల మీద గోధుమరంగు మచ్చలు పడటం మొదలైంది. ఎంత ఉతికినా పోవు. పెరాక్సైడ్‌లో ఉడికించిన కొన్ని థాన్లకు సూదిమొన అంత చిల్లులు కూడా కనిపించాయి. మాస్టర్ మా మీద విరుచుకుపడ్డాడు. మందు సరిగా కలపలేదన్నాడు, తుప్పు పట్టిన బకెట్లు వాడారన్నాడు. ఇద్దరు పాతవాళ్లకు ఛార్జిషీటు ఇచ్చారు. నాలాంటి బదిలీవాళ్లను గేటు దగ్గరే ఆపేశారు. పదకొండు రోజులు నాకు హాజరీ లేదు.

మా ఖాతాలో ఒక జాబరు ఉండేవాడు. అందరం మామా అని పిలిచేవాళ్లం. ఆయన ఒక పని చేశాడు. మిల్లు తలాబు నుంచి పంపు మీద వచ్చే నీళ్లను తెల్లటి గిన్నెలో పట్టి, ఒక రాత్రంతా కదపకుండా పెట్టాడు. పట్టినప్పుడు ఆ నీళ్లు అద్దంలా ఉన్నాయి. తెల్లారి చూస్తే గిన్నె అడుగున గోధుమరంగు మడ్డి కూర్చుంది. ఇంకో గిన్నెలో కాస్త బ్లీచింగ్ పౌడరు వేసి ఉంచితే ఆ నీళ్లు టీ రంగుకు తిరిగాయి. వెళ్లి తలాబు చూస్తే సంగతి అర్థమైంది. ఎండలకు నీళ్లు దిగిపోయాయి. పంపు గొట్టం బురదకు జానెడు ఎత్తులో నీళ్లు గుంజుతోంది. తప్పు మా చేతులది కాదు, నీళ్లది. యూనియన్ వాళ్లు ఆ గిన్నెను తీసుకెళ్లి మేనేజరు టేబుల్ మీద పెట్టారు. ఛార్జిషీట్లు వెనక్కి తీసుకున్నారు. మా పదకొండు రోజుల పగారు మాత్రం రాలేదు.

గిన్నెలో కూర్చున్నది ఇనుము, మాంగనీసు. తలాబు అడుగు బురద వాటిని నీళ్లలోకి వదిలింది. ఇనుముతోపాటు ఆ బురద ఇంకొక పదార్థాన్ని కూడా వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, గుడ్డ మీద మరక చేయదు. కాబట్టి మేనేజరు టేబుల్ మీద పెట్టి చూపించడానికి కూడా వీలుకాదు. దాని పేరు భాస్వరం.

భాస్వరం ఎక్కడిది?

భాస్వరం విషం కాదు. మన ఎముకల్లో ఉంది, మనం తినే జొన్నల్లో, పప్పులో ఉంది. రైతులు వేసే సూపర్, డీఏపీ మందుల్లో ఉండేది అదే. మనం తిన్నదానిలో చాలా భాగం మళ్లీ బయటికే పోతుంది. ఒక్కో మనిషి నుంచి రోజుకు ఒకటి నుంచి ఒకటిన్నర గ్రాముల భాస్వరం మోరీలో కలుస్తుందని లెక్క.

ఇప్పుడు మన ఉజనీకి రండి. భీమా నది మీద 1980లో పూర్తయిన డ్యాం ఇది. పైన పుణె, పింప్రి-చించ్‌వడ్ నగరాలు ఉన్నాయి. ములా, ముఠా, పవనా, ఇంద్రాయణి నదులు ఆ నగరాల మీదుగా వచ్చి భీమాలో చేరతాయి. 2011 జనాభా లెక్కల్లో ఆ రెండు నగరపాలికల జనం కలిపి 48 లక్షలు. ఇందాకటి లెక్క వేయండి. రోజుకు సుమారు ఐదు నుంచి ఏడు టన్నుల భాస్వరం మోరీల్లో పడుతుంది. ఇది 2011 నాటి జనానికి. ఆ తర్వాత నగరాలు పెరిగాయే గాని తగ్గలేదు.

మురుగు శుద్ధి కేంద్రాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కాని మామూలు కేంద్రాన్ని కట్టేది మడ్డినీ, కుళ్లునూ తగ్గించడానికి. భాస్వరం తీయడానికి ప్రత్యేక ఏర్పాటు లేకపోతే అందులో పెద్ద భాగం శుద్ధి అయిన నీళ్లతోనే బయటికి వస్తుంది. నీళ్లు చూడటానికి తేటగా ఉంటాయి, భాస్వరం అందులోనే ఉంటుంది. దీనికి చెరకు పొలాల మందు, ఫ్యాక్టరీల నీళ్లు తోడవుతాయి. అన్నీ వచ్చి ఉజనీలో ఆగుతాయి.

ఆగిన తర్వాత ఏమవుతుంది అన్నది ముఖ్యం. మురుగులో కార్బన్ ఉంటుంది, నత్రజని ఉంటుంది. కుళ్లిన తర్వాత వాటిలో కొంత గాలిగా మారి పైకి పోతుంది. భాస్వరానికి ఆ దారి లేదు. గేట్లు ఎత్తినప్పుడు కిందికి పోవాలి, లేదా అడుగున బురదలో కూర్చోవాలి. కాబట్టి డ్యాం కట్టిన నాటినుంచి ఏటేటా బురదలో జమ అవుతూనే ఉంది.

తుప్పు తాళం

ఎన్నో జలాశయాల్లో ఈ భాస్వరాన్ని పట్టి ఉంచేది ఇనుమే. బురదలో ఇనుము తుప్పు రూపంలో ఉంటుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉన్నంతవరకు ఆ తుప్పు కరగదు. అది భాస్వరాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు పట్టుకుంటుంది.

ఎండాకాలంలో ఏమవుతుందో చూడండి. లోతైన చోట పై నీళ్లు వేడెక్కి తేలికవుతాయి. అడుగు నీళ్లు చల్లగా, బరువుగా ఉంటాయి. రెండూ కలవవు. పైన ఎండకు నాచు పెరుగుతుంది, చస్తుంది, అడుగుకు రాలుతుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అడుగు నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. పైనుంచి కొత్త ఆక్సిజన్ రాదు. అంతా అయిపోయిన తర్వాత, కరగని తుప్పు కాస్తా కరిగే ఇనుముగా మారుతుంది. తాళం ఊడుతుంది. ఇనుము, భాస్వరం రెండూ నీళ్లలోకి వస్తాయి. మా జాబరు మామ గిన్నెలో జరిగింది దీనికి తిరుగుడు. అడుగునుంచి కరిగి వచ్చిన ఇనుము రాత్రంతా గాలి తగిలి మళ్లీ తుప్పయి కూర్చుంది.

ఈ సంగతిని 1930ల్లో ఐన్సెలె అనే జర్మన్ శాస్త్రవేత్త, 1941, 1942లో మార్టిమర్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త వివరంగా రాశారు. అంటే ఇది నిన్నమొన్న తెలిసింది కాదు. ఉజనీకి పునాది వేయకముందే తెలిసిన విషయం.

సల్ఫర్ బ్లాక్ అద్దిన అన్నలకు కుళ్లిన కోడిగుడ్డు వాసన బాగా తెలుసు. ఆక్సిజన్ పూర్తిగా పోయిన అడుగు నీళ్లలో అదే వాసన పుడుతుంది. ఆ గంధకం వెళ్లి బురదలోని ఇనుమును పట్టేసుకుంటుంది. ఇక భాస్వరాన్ని పట్టడానికి ఇనుము తక్కువ పడుతుంది. తాళం ఊడటమే కాదు, తాళంచెవి కూడా పోయినట్టు.

లోతు తక్కువ ఉన్న చోట్ల ఇంకో రెండు దారులున్నాయి. గాలికి అలలు లేచి బురదను కలుపుతాయి. నాచు దట్టంగా ఉన్నప్పుడు పగటిపూట నీళ్లలో క్షారం పెరుగుతుంది. అప్పుడు ఆక్సిజన్ ఉన్నా సరే తుప్పు తన పట్టు కొంత వదులుతుంది.

వానాకాలం వరదకో, చలికాలంలో పై నీళ్లు చల్లబడినప్పుడో పైనా కిందా కలుస్తాయి. బురద వదిలిన భాస్వరం పైకి వచ్చి మళ్లీ నాచుకు తిండి అవుతుంది. ఆ నాచు చచ్చి మళ్లీ అడుగుకు పోతుంది. సావుకారు దగ్గర వంద తెచ్చుకుని నెలనెలా వడ్డీ కట్టిన కుటుంబాలు మన బస్తీల్లో ఎన్నో ఉన్నాయి. ఎన్నాళ్లు కట్టినా అసలు అలాగే ఉండేది. జలాశయం పరిస్థితి కూడా అంతే. కిలో భాస్వరం ఐదువందల కిలోల పచ్చి నాచును పెంచగలదని శాస్త్రజ్ఞుల లెక్క. అదే కిలో ఏడాదికోసారి మళ్లీ మళ్లీ పనిచేస్తూ ఉంటుంది.

నాచుకు కారణం భాస్వరమేనని ఎలా చెప్తాం అని ఎవరైనా అడగవచ్చు. కెనడాలో 1973లో ఒక చిన్న సరస్సును మధ్యలో తెర కట్టి రెండు భాగాలు చేశారు. ఒకవైపు నత్రజని, కార్బన్ వేశారు. రెండోవైపు ఆ రెండింటితోపాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడిన వైపు చిక్కటి ఆకుపచ్చగా మారింది. రెండోవైపు మామూలుగా ఉంది. విమానం నుంచి తీసిన ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. కొన్ని రకాల నీలి ఆకుపచ్చ నాచులు నత్రజనిని గాలినుంచే తీసుకోగలవు. భాస్వరాన్ని మాత్రం గాలినుంచి తెచ్చుకోలేవు.

రెండు సరస్సుల కథ

మోరీ మూసేస్తే నీళ్లు బాగుపడతాయా? దీనికి రెండు జవాబులున్నాయి.

అమెరికాలో సియాటిల్ నగరం పక్కన వాషింగ్టన్ సరస్సు ఉంది. చుట్టూ ఊళ్ల మురుగు దానిలో పడి నీళ్లు చెడిపోతుంటే ఎడ్మండ్సన్ అనే ప్రొఫెసరు ముందుగానే హెచ్చరించాడు. జనం ఓట్లేసి పన్ను కట్టడానికి ఒప్పుకున్నారు. 1963 నుంచి 1968 వరకు అంచెలంచెలుగా మురుగును దారి మళ్లించారు. సరస్సు త్వరగా తేరుకుంది. 1970ల నడిమికి నీళ్లు తేటపడ్డాయి. ఎందుకు? ఆ సరస్సు లోతైనది. అడుగున ఆక్సిజన్ పూర్తిగా అయిపోయే దశకు రాకముందే మురుగు ఆపారు. తాళం ఊడలేదు.

స్వీడన్‌లో వెక్షో అనే ఊళ్లో ట్రుమ్మెన్ అనే చిన్న సరస్సు ఉంది. సుమారు ఒక చదరపు కిలోమీటరు వైశాల్యం. లోతు సగటున మీటరు కన్నా కొంచెం ఎక్కువ. ఊరి మురుగుతోపాటు ఒక నార మిల్లు వదిలిన నీళ్లు కూడా అందులో పడేవి. అవును అన్నలారా, మనలాంటి వాళ్లు పనిచేసిన మిల్లే. 1950ల చివర మురుగునూ, మిల్లు నీళ్లనూ ఆపేశారు. పదేళ్లు ఎదురుచూశారు. నీళ్లు బాగుపడలేదు. బయటినుంచి ఏమీ రాకపోయినా ఏటా ఎండాకాలం నాచు వస్తూనే ఉంది. బురద పాత జమాలోంచి ఖర్చు పెడుతోంది. చివరికి 1970, 1971లో ఏడాదికి అర మీటరు చొప్పున అడుగు బురదను గుంజి తీశారు. ఆ తర్వాతే నీళ్లలో భాస్వరం పదింట తొమ్మిది వంతులు తగ్గింది. తీసిన మట్టిని ఆరబెట్టి తోటలకు వాడారు.

ఈ రెండు కథల్లో మనకు కావలసింది ఒక్కటే. త్వరగా ఆపితే బురద మనవైపు ఉంటుంది. ఆలస్యం చేస్తే ఆపిన తర్వాత కూడా ఏళ్లకేళ్లు అనుభవించాలి. ట్రుమ్మెన్ ఒక చదరపు కిలోమీటరు కాబట్టి బురద తీయగలిగారు. ఉజనీ నిండితే నీళ్లు దాదాపు 300 చదరపు కిలోమీటర్లలో పరుచుకుంటాయి. అక్కడ అడుగంతా అర మీటరు బురద తీయడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఉజనీకి పైన మోరీ కట్టడి తప్ప దగ్గర దారి లేదు. "ఫలానా మందు చల్లితే నెలలో నీళ్లు బాగుపడతాయి" అని ఎవరైనా టెండరు పట్టుకొస్తే, పైనుంచి వచ్చేది ఆగిందా అని ముందు అడగండి.

మైనస్ అంటే ఏమిటి?

మన మరాఠీ పత్రికలు ఏటా ఎండాకాలం "ఉజనీ మైనస్‌లోకి వెళ్లింది" అని రాస్తాయి. మైనస్ నీళ్లు ఎలా ఉంటాయని మా మనవడు అడిగాడు. ఉజనీలో మొత్తం నీళ్లు 117 టీఎంసీలు. అందులో కాలువలకు, నదికి వదిలే లెక్కలోకి వచ్చేవి సుమారు 53 టీఎంసీలు. మిగిలిన 63 టీఎంసీలకు పైగా డెడ్ స్టోరేజీ. 53 అయిపోయి ఆ డెడ్ స్టోరేజీలో చెయ్యి పెడితే మైనస్ అంటారు. 2024 వేసవిలో మైనస్ 50 శాతం కూడా దాటి పోయింది.

ఇంజనీరుకు మైనస్ అంటే నీళ్ల లెక్క. మనకు ఇంకో అర్థం కూడా ఉంది. బురద అదే, పైన నీళ్లు తక్కువ. ఎండ ఎక్కువ. అదే బురద వదిలేది తక్కువ నీళ్లలో కలుస్తుంది. నాచు చిక్కబడుతుంది. పంపులకు నీళ్లు అందక దుబార్ పంపింగ్ మొదలవుతుంది. అంటే నేను మిల్లులో చూసిన పంపు గొట్టం కథే, పెద్ద ఎత్తున. నీళ్లు తక్కువ వచ్చే రోజులూ, నీళ్లు చెడిపోయే రోజులూ ఒక్కటే. నల్లా ఎప్పుడొస్తుందని అడిగిన తమ్ముడికి నా జవాబు ఇదే. ఆ రెండూ వేరువేరు ప్రశ్నలు కావు.

ఇంటి డ్రమ్ము దాకా

ఉజనీ నీళ్లు పచ్చబడ్డాయని పత్రికలు పలుమార్లు రాశాయి. పచ్చ నాచంతా విషం కాదు. భయపెట్టడానికి నేను రాలేదు. కాని నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషం తయారుచేస్తాయి. దాని పేరు మైక్రోసిస్టిన్. తాగే నీళ్లలో ఒక ముఖ్యమైన రకానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షల వంతు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో నాలుగు లక్షలకు పైగా జనాన్ని నల్లా నీళ్లు తాగొద్దన్నారు. దాదాపు మూడు రోజులు అలా గడిపారు. మరిగించి తాగండి అని కూడా చెప్పలేదు, ఎందుకంటే మరిగిస్తే ఈ విషం పోదు. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో కిడ్నీ జబ్బువారికి డయాలిసిస్ చేసే చోట ఇలాంటి నీళ్లు వాడటం వల్ల 50 మందికి పైగా చనిపోయారు. డయాలిసిస్‌లో నీళ్లు నేరుగా రక్తంతో పనిచేస్తాయి కాబట్టి అంత ఘోరం జరిగింది.

నాచు ఎక్కువైతే శుద్ధి కేంద్రంలో ఫిల్టర్లు మూసుకుపోతాయి. వాసన పోవాలని క్లోరిన్ ముందే ఎక్కువ వేస్తే నాచు కణాలు పగిలి లోపలి విషం నీళ్లలోకి వస్తుంది. కణాలను పగలకుండా పటికతో కూర్చోబెట్టి తీసేయాలి. నీళ్లలో కరిగిన విషానికి బొగ్గుపొడి వాడాలి. ఇదంతా చేయగలిగిన పనే. కాని నీళ్లలో ఏముందో ముందు పరీక్ష చేస్తేనే చేయగలరు.

ఇంట్లో ఏం చేయాలని అక్కలు అడుగుతారు. రోగక్రిములు చావడానికి నీళ్లు మరిగించడం మానొద్దు. పెయింటు పోసినట్టు పచ్చటి తెట్టు కట్టిన నీళ్లలో పిల్లలను దింపొద్దు, గొడ్లను తాపొద్దు. తెల్లటి గిన్నెలో నీళ్లు పట్టి రాత్రంతా ఉంచి చూడండి. మడ్డి కూర్చుంటే తేదీ రాసి పెట్టండి. పాత పైపుల తుప్పు వల్ల కూడా మడ్డి రావచ్చు, కాబట్టి అదొక్కటే రుజువు కాదు. కాని ఒకే వారంలో యాభై ఇళ్లనుంచి అదే మాట వస్తే నగరపాలికను నిలదీసి పరీక్ష చేయించమనడానికి అది చాలు.

మన చేతి మడ్డి

ఇప్పుడొక కష్టమైన మాట చెప్పాలి. పుణెవాళ్ల మోరీ గురించి ఇంతసేపు మాట్లాడాను. షోలాపూర్ అద్దకపు నీళ్లు ఉజనీలోకి పోవు, ఎందుకంటే ఉజనీ మనకు ఎగువన ఉంది. మన నీళ్లు మన నాలాల్లోంచి దిగువకు పోతాయి. భీమా ఎక్కడికి పోతుంది? కర్ణాటకలోకి పోయి, రాయచూరు దగ్గర కృష్ణలో కలిసి, తెలంగాణలో జూరాలకు చేరుతుంది. మన తాతలు మగ్గం విడిచి, మూట నెత్తిన పెట్టుకుని ఏ పాలమూరు జిల్లా వైపునుంచి బయల్దేరారో అక్కడికే పోతుంది. పుణె మనకు చేసేది మనం వాళ్లకు చేస్తున్నాం.

నీళ్ల గరుకు తగ్గించడానికి మనం వాడే హెక్సామెటా అసలు పేరు సోడియం హెక్సామెటాఫాస్ఫేట్. పేరులోనే భాస్వరం ఉంది. గంజి తీసిన నీళ్లు ఆక్సిజన్‌ను ఎలా మింగుతాయో ఆ నాలా పక్క ఇళ్లవాళ్లను అడగండి. మిల్లు తర్వాత నేను కొన్నాళ్లు ఒక అద్దకపు కార్ఖానాలో పనిచేశాను. రాత్రి షిఫ్టులో తొట్టి వాల్వు తిప్పి నాలాలోకి వదలమనేవారు. తిప్పింది నా చెయ్యే. అడిగితే పని పోతుందని భయం. నోరు తెరిస్తే కాలుష్య బోర్డు వచ్చి తాళం వేస్తుంది, పదిమంది పగారు పోతుంది అని మాకు చెప్పేవారు. యూనియన్‌లోకి వచ్చాక కూడా ఆ భయంతోనే నేను చాలా ఏళ్లు ఈ విషయం ఎత్తలేదు. అది తప్పు. ఈరోజు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

కార్ఖానా మూయడం మా డిమాండు కాదు. ఫాస్ఫేటు లేని మందులు దొరుకుతాయి, అవి వాడాలి. గంజి నీళ్లను, రంగు నీళ్లను ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపాలి. ఆ ఖర్చును యజమానులు, ప్రభుత్వం భరించాలి. కార్మికుడి పగారులో కోసి కాదు. వాల్వు తిప్పనన్నందుకు ఎవరి పనీ పోకూడదు. అలా పోతే ఈ యూనియన్ గేటు దగ్గర కూర్చుంటుంది.

చెరువు మట్టి

మా తాత ఊళ్లో ఎండాకాలం చెరువు ఎండగానే బండ్లు కట్టుకుని చెరువు మట్టి తోలేవారట. ఆ మట్టి పడిన చేను రెండు మూడేళ్లు మంచి పంట ఇచ్చేదని చెప్పేవాడు. ఆ బలంలో భాస్వరం వాటా ఉందని ఆయనకు తెలియదు గాని, పని మాత్రం సరిగ్గా చేశాడు. నీళ్లలో ఉంటే నాచును పెంచేదాన్ని చేనుకు పంపి జొన్నను పెంచుకున్నాడు. ఏటేటా చెరువు బాకీ కొంత తీర్చాడు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఇదే పని పెద్ద ఎత్తున చేశారు. మహారాష్ట్రలో కూడా 2017 నుంచి తలాబుల మట్టిని రైతుల పొలాలకు తోలుకోనిచ్చే పథకం నడిచింది.

ఉజనీని తవ్వలేకపోయినా చిన్న తలాబులను తవ్వవచ్చు. ఒక జాగ్రత్త ఉంది. ఊరి మోరీ, అద్దకపు నీళ్లు పడిన తలాబు మట్టిలో క్రోమియం లాంటి లోహాలు ఉండవచ్చు. పరీక్ష చేయకుండా దాన్ని పొలానికి పంపకూడదు. ఇంకొకటి, మోరీ ఆపకుండా తవ్వితే డబ్బు దండగ. కొత్త బురద వచ్చి పాత బురద స్థానంలో కూర్చుంటుంది. గుర్రపు డెక్కను ఏటా పీకించి ఫోటోలు దిగేది చూస్తూనే ఉన్నాం. పీకిన ఆకును గట్టునే పారేస్తే కుళ్లి మళ్లీ నీళ్లలోకే దిగుతుంది. తీసింది దూరం పోవాలి.

మనం అడగవలసినవి

మిత్రులారా, చాలాసేపు తీసుకున్నాను. ఈ సభ ముందు నాలుగు డిమాండ్లు పెడుతున్నాను.

ఒకటి. ఫిబ్రవరి నుంచి వానలు పడేవరకు నగరపాలిక వారం వారం ఉజనీ నీళ్లు పరీక్ష చేయించాలి. నాచు ఎంత, మైక్రోసిస్టిన్ ఎంత, మాంగనీసు ఎంత, అడుగు నీళ్లలో ఆక్సిజన్ ఎంత అన్నది మరాఠీలో, తెలుగులో, కన్నడలో, ఉర్దూలో బస్తీల్లో అంటించాలి. మైనస్ ఎంత శాతమో రాసే చోటే ఇది కూడా రాయాలి.

రెండు. పుణె, పింప్రి-చించ్‌వడ్ మురుగు శుద్ధి కేంద్రాల్లో భాస్వరం తీసే ఏర్పాటు చేయాలి. తేట నీళ్లు వదిలామంటే సరిపోదు.

మూడు. మన ఊరి అద్దకపు కార్ఖానాల్లో ఫాస్ఫేటు మందులు మానాలి, ఉమ్మడి శుద్ధి జరగాలి. కార్మికుడి పనికి హామీ ఉండాలి.

నాలుగు. ఊరి తలాబుల్లోకి మోరీ ఆపి, మట్టి పరీక్ష చేసి, ఆ తర్వాత పూడిక తీయాలి.

ఇవన్నీ జరిగినా వచ్చే ఎండాకాలానికే ఉజనీ తేటపడుతుందని నేను చెప్పను. అలా చెప్తే మీతో అబద్ధమాడినట్టే. నలభై ఏళ్లకు పైగా పేరుకున్నది బురదలో ఉంది. అది కొన్నేళ్లు వడ్డీ వసూలు చేస్తూనే ఉంటుంది. కాని కొత్త అప్పు చేయడం ఆపితే, ఏటా వరద కొంత కొట్టుకుపోతుంది, కొంత మట్టి కింద పూడిపోతుంది. మన మనవల నాటికి గిన్నె అడుగు తెల్లగా కనిపించవచ్చు. ఆపకపోతే ఈ మాటలే ఇంకో కార్యదర్శి ఇంకో ముప్పై ఏళ్లకు ఇక్కడే నిలబడి చెప్తాడు, అప్పటికి బాకీ ఇంకా పెరిగి ఉంటుంది.

రేపటినుంచి ప్రతి బస్తీలో పది ఇళ్లు తెల్ల గిన్నె పెట్టాలి. పేర్లు ఇవ్వదలచుకున్నవారు సభ అయ్యాక నా దగ్గరికి రండి.